మంగళవారం రాని ఆర్డర్లు

పురుషోత్తం సార్ కనపడకుండా పోయి నాలుగు నెలలైనాక, నవంబరు మొదట్లో ఒక పొద్దున సార్ భార్య నేత్రావతక్క ఆయన ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చింది.

సార్‌కి రెండు ఫోన్లు ఉండేవి. జులైలో ఒక ఆదివారం పెద్దది ఇంట్లో ఛార్జింగుకి పెట్టి, చిన్నది జేబులో వేసుకొని, "మధ్యాహ్నం అన్నానికి వచ్చేస్తా" అని చెప్పి పోయినాడు. మళ్ళీ రాలేదు. పోలీసులు చిన్న ఫోను జాడ పట్టాలని చూసినారు. అది ఆ సాయంత్రమే ఆగిపోయింది. కేజీఎఫ్‌లో మనిషి మాయమైతే అందరి కళ్ళూ ముందు పోయేది మూసేసిన బంగారు గనుల మీదికే. కంచెలు తెగిన చోటంతా మావాళ్ళు టార్చీలు వేసి చూసినారు. చెప్పు కూడా దొరకలేదు.

ఛాంపియన్ రీఫ్ గని కాలనీలో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే లైను, గోడకు గోడ. మా తాతా, సార్ వాళ్ళ నాయనా ఇద్దరూ పలమనేరు పక్కనుంచి గని పనికి వచ్చినవాళ్ళే. సార్ రాబర్ట్‌సన్‌పేటలో ట్యూషన్ చెప్పేవాడు. నాకు డెబిట్, క్రెడిట్ నేర్పింది ఆయనే. క్రిప్టో ఆయనకొక సరదా. పెట్టేది తక్కువ, చదివేది ఎక్కువ. నేను బెంగళూరులో అట్లాంటి యాప్ కంపెనీలోనే కస్టమర్ సపోర్ట్ చేస్తాను. వారంలో మూడు దినాలు రైలు, మిగతా దినాలు ఇంటి నుంచే పని.

"అర్పితా, ఇదేమో చూడమ్మా. నిన్నటి నుంచి మోగతా ఉండాది. బండి నంబరు మాదిరి ఏదో వస్తుండాది" అనింది అక్క.

తెర మీద ఒక మెసేజి. ETH-07NOV25-3600-P అనే కాంట్రాక్టుకి ఆర్డర్ వేసినారు, రిజెక్ట్ అయింది. టైము చూస్తే పది నిమిషాల ముందు.

నా ఉద్యోగంలో రోజుకు ఇరవై మందికి చెప్పేదే కాబట్టి గబగబా చెప్పేసినాను. "మధ్యలో గీతలు ఉండాయి కదక్కా, వాటితో నాలుగు ముక్కలు చేసుకో. మొదటిది ఏ నాణెమో చెప్తాది. ఈటీహెచ్ అంటే ఈథర్. రెండోది గడువు తేదీ. నవంబరు ఏడు, ఇరవై అయిదో సంవత్సరం. ఆ దినం మధ్యాహ్నం ఒకటిన్నరకు ఈ కాంట్రాక్టు చచ్చిపోతాది."

ఆ మాట వాడకుండా ఉండాల్సింది. అక్క ముఖంలో ఏమీ మారలేదు. "మూడోది?" అనింది.

"మూడోది ఒప్పుకున్న ధర, డాలర్లలో. చివరి అక్షరం C ఉంటే కాల్. ఆ ధరకు కొనే హక్కు. ధర ఎక్కుతుంది అనుకునేవాళ్ళు తీసుకుంటారు. P ఉంటే పుట్. అమ్మే హక్కు. పడిపోతుంది అనుకునేవాళ్ళు తీసుకుంటారు."

"కాల్ అంటే పిలిచేది కదా?"

"ఆ కాల్ వేరక్కా."

సార్ ఎంచి పెట్టుకున్న జాబితాలో ఇంకొకటి అక్క వేలితో చూపించింది. దానికి తేదీ లేదు, ధర లేదు. ETH-PERP అని మాత్రం ఉంది. "దీనికి గడువు లేదు. మనం మూసేదాకా నడుస్తానే ఉంటాది" అని చెప్పినాను. అక్క పెదాలు కదిలినాయి. "మనం మూసేదాకా" అని తనలో తాను అనుకుంది.

"సరే, ఇది వేసింది ఎవురు?"

నాకు తెలిసిన జవాబు నాకు తట్టింది. సార్ తెలివైనోడు, యాడనో ఒక ప్రోగ్రాం రాసి వదిలి పెట్టుంటాడు, అది దాని పాటికి ఆర్డర్లు వేస్తుంటాది, ఖాతాలో సున్నా కాబట్టి వేసింది వేసినట్టు తిరిగొస్తుంటాది అని చెప్పినాను.

"అంటే తలుపు కొడతానే ఉండాడు. వీళ్ళు తీయరు" అని అక్క ఫోను తీసుకొని పోయింది.

ఆ తరువాత దినానికి ఒకటో రెండో రావడం మొదలైంది. ఎప్పుడూ పగలే, పదికీ రెండుకీ మధ్య. అక్క నేర్చుకోవడం చూసి నేనే ఆశ్చర్యపోయినాను. మా కంపెనీకి ఫోను చేసే ఇంజనీర్లు కూడా తేదీకీ ధరకీ తడబడతారు. ఈమె వారంలో తెర మీద నుంచి గడగడా చదివేది. "బీటీసీ, పద్నాలుగు నవంబరు, లక్షా రెండు వేలు, C" అని గోడ అవతల నుంచి వినిపించేది, పంచాంగం చదివినట్టు.

ఒక దినం సాంబారు గిన్నె ఇచ్చేదానికి వాళ్ళింటికి పోయినాను. వంటింటి గోడకి క్యాలెండరు. ఒక్కో తేదీ గడిలో ఎర్ర పెన్నుతో ఒక C గానీ P గానీ. పక్కన చిన్న అక్షరాల్లో ఏదో రాసుంది. దగ్గరికి పోయి చదివినాను. 'చొక్కాలు ఎవురికైనా ఇచ్చేదా? P.' కొక్కేనికి సార్ చొక్కాలు ఇస్త్రీతో వేలాడుతున్నాయి. 'గడ్డం పెరిగిందా? C.' ఆ కింద, 'ఆకలిగా ఉండాదా? C.' అప్పుడు చూసినాను, పొయ్యి పక్కన ఒక పళ్ళెం. రాగి సంగటి, మీద ఓరగా మూత. ఎండి బీటలు తీసింది.

"ఇదేమిటక్కా?"

"పొద్దున లేచి ఒకటే మాట అడుగుతాను. ఆయన చెప్తాడు. C అంటే ఊ. P అంటే ఊహూ."

"రెండే అక్షరాలు కదక్కా. ఏది అడిగినా ఏదో ఒకటి వస్తాది. నాణెం ఎగరేసినా అంతే."

"నాకు తెలీదా? అయినా అడిగినాకనే వస్తాది కదా." క్యాలెండరు మీద వేలు పెట్టింది. "ఇక్కడ చూడు. మంగళవారాలన్నీ ఖాళీ. ఒక్క మంగళవారమూ రాలేదు. ఆయన మంగళవారం ఒక్కపొద్దు ఉండేవాడు, ఫోను ముట్టేవాడు కాదు. నీ ప్రోగ్రాంకి ఒక్కపొద్దు తెలుసునా?"

నేను అన్ని గడులూ చూసినాను. నిజమే. నా చేతిలో గిన్నె కిందికి దించి, ఆ క్యాలెండరంతా ఇంకోసారి చదివినాను. సార్ బతికుండాడా అనే ప్రశ్న మాత్రం ఏ గడిలోనూ లేదు. అక్క దాన్ని అడగలేదు.

డిసెంబరు పన్నెండు, శుక్రవారం. ఇంటి నుంచే పని చేస్తున్నాను. పన్నెండున్నరకు కిటికీలోంచి చూస్తే అక్క పట్టుచీర కట్టుకొని, టిఫిన్ క్యారియరు పట్టుకొని గని దారిలో పోతోంది. ఆ దారిలో ఎవరూ పోరు. హెడ్‌ఫోను తీసి పడేసి పరిగెత్తినాను.

"యాడికక్కా?"

"రమ్మన్నాడు." నడక ఆపకుండానే ఫోను చూపించింది. ముందు దినం వచ్చిన ఆర్డరు. ETH-12DEC25-3200-C. "యాడ ఉండావు, నేను వచ్చేదా అని అడిగినాను. ఈ దినం తేదీ ఇచ్చినాడు. ఒకటిన్నర అని నువ్వే కదా చెప్పింది. మూడు వేల రెండు వందలు. ఛాంపియన్ గని లోతు ఎంతో మీ తాతని అడుగు."

అడగనక్కర లేదు. మూడు వేల రెండు వందల మీటర్లు అనే మాట మా తాత ప్రతి పెళ్ళిలోనూ ప్రతి చావులోనూ చెప్తుంటాడు.

"అవి డాలర్లక్కా! మీటర్లు కాదు! ఈథర్ ధర అంతే ఉండాది ఇప్పుడు!" అని అరిచినాను. అరుస్తూనే గని వైపు చూసినాను.

గని మీది ఇనుప చట్రం తుప్పుపట్టి నిలబడి ఉంది. చుట్టూ రేకుల కంచె. పాత ఇనుము ఏరుకునేవాళ్ళు ఒకచోట మనిషి దూరేంత కోసి ఉన్నారు. అందులోంచి చల్లటి గాలి వస్తోంది, తడి రాయి వాసనతో. అక్క ఆ కంతకి ఎదురుగా నిలబడి, క్యారియరు కింద పెట్టి, రేకు మీద చెయ్యి వేసింది. నేను ఆమె నడుము పట్టుకొని నిలబడినాను. లాగలేదు. లాగితే విదిలించుకొని దూరిపోతుందేమో అని భయం.

ఒకటిన్నరకు భూమి కింద యాడనో ధన్‌మని ఒక దెబ్బ. లోపల రాయి విరిగితే మాకు అట్లా వినిపిస్తాది. గని మూసి ఇన్నేళ్ళయినా అప్పుడప్పుడు వస్తుంటాది, మాకు అలవాటే. క్యారియరు మూత గలగలమనింది. అక్క ఫోను కేసి చూసింది. జాబితాలో ఉన్న ఆ కాంట్రాక్టు పేరు కళ్ళ ముందే మాయమైంది. గడువు తీరిన కాంట్రాక్టును యాప్ జాబితా నుంచి తీసేస్తుంది. అంతకు మించి ఏమీ లేదు.

"పాయె," అనింది అక్క. మోకాళ్ళు మడిచి మట్టిలో కూర్చుండిపోయింది. అప్పుడు లేపి తీసుకొచ్చినాను.

ఆ సాయంత్రం నేను చేయాల్సిన పని చేసినాను. నెల ముందే చేసుండాల్సింది. ప్రోగ్రాం ఆర్డరు వేయాలంటే ఖాతాలో దానికొక తాళం చెవి మాదిరి కోడ్ తయారు చేసి ఇచ్చుండాల. ఆ కోడ్ తీసేస్తే ఆర్డర్లు నిలిచిపోతాయి, అక్క ఈ క్యాలెండరు మానేస్తుంది అనుకొని, సెట్టింగుల్లో ఆ పేజీ తెరిచినాను. ఖాళీ. ఒక్క కోడ్ కూడా లేదు. ఎప్పుడూ చేసినట్టు లేదు.

అంటే ప్రోగ్రాం కాదు. ఎవరో వేలితో నొక్కుతున్నారు.

లాగిన్ అయిన ఫోన్ల జాబితా చూసినాను. రెండు. ఒకటి నా చేతిలోనిది. రెండోది సార్ చిన్న ఫోను. 'చివరగా వాడినది, ఈ రోజు 11:52.'

అక్క నా భుజం మీదుగా చూస్తోంది. నేను దాచలేకపోయినాను. పోయిన ఫోనును వెతికే యాప్ తెరిచి, సార్ డైరీలో ఉన్న పాస్‌వర్డు కొట్టినాను. జులైలో పోలీసులు చూసినప్పుడు అందులో ఏమీ రాలేదు. ఇప్పుడు మ్యాపు మెల్లగా తెరుచుకొని, ఒక పచ్చ చుక్క నిలబడింది. క్యాసంబళ్ళి. బస్టాండు పక్కన.

తెల్లారి మొదటి బస్సుకే పోయినాము. ముప్పావు గంట దారిలో అక్క ఒక్కటే మాట అడిగింది. "క్యాసంబళ్ళిలో మాకెవురూ లేరు. ఆయనెందుకు ఆడ ఉంటాడు?"

క్యాసంబళ్ళిలో దిగినప్పుడు ఎనిమిదైనా కాలేదు. చుక్క ఆరిపోయి ఉంది. టీ తాగి, అరుగు మీద కూర్చొని కాచుకున్నాము. పదీ పావుకు చుక్క వెలిగింది. ఆ యాప్‌లోనే మోగించే బటన్ ఉంటాది. నొక్కినాను. వీధికి అవతల, అప్పుడే షట్టరు ఎత్తిన ఒక మొబైల్ రిపేరు అంగట్లోంచి సార్ రింగ్‌టోను వినిపించింది. అక్క చెయ్యి నా చేతిని పిండేసింది.

అంగడి జగదీష్ అనే ఆయనది. లోపల ఆయన తప్ప మనిషి లేడు. గోడ అలమరలో, పాత ఛార్జర్ల మధ్యన సార్ చిన్న ఫోను. వైరు గుచ్చి ఉంది. మోగడం దానంతట అదే ఆగిపోయింది. నేను ఆపలేదు, ఆయనా ఆపలేదు.

"అదా అమ్మా? దానికి గోస్ట్ టచ్," అన్నాడు జగదీష్. "తెరలోకి నీళ్ళు దిగినాయి. ఎవురూ ముట్టకుండా అదే నొక్కుకుంటాది, దయ్యం పట్టిన మాదిరి. దీపావళి అయినాక ఒకాయన తెచ్చిచ్చి మళ్ళీ రాలేదు. సిమ్ము లేదు, లాకూ లేదు. రిపేరుకొచ్చిన ఛార్జర్లు పనిచేస్తాయో లేదో చూసేదానికి పొద్దుటి పూట దీన్నే వాడుకుంటుండాను. అంగడి వైఫై కూడా దానికదే పట్టుకునింది."

"మంగళవారం?" అనింది అక్క.

"మంగళవారం అంగడి మూస్తానమ్మా."

అక్క అలమర దగ్గరికి పోయి నిలబడింది. ఆమె వెనక నుంచి నేనూ చూసినాను. తెర మీద ఆ యాప్ తెరిచే ఉంది. ధరల వరస పైకి జరిగింది. ఆగింది. ఎవరో ఆలోచిస్తున్నట్టు కాసేపు ఊరకుండి, కిందికి జరిగింది. ఒక గడి నల్లబడి మళ్ళీ తెల్లబడింది. ఒక్క నొక్కుతోనే ఆర్డరు పోయేట్టు సార్ ముందే పెట్టుకున్నాడు. అంతా లెక్కకు సరిపోయింది. నీళ్ళు, కరెంటు, వైఫై. అయినా నాకు ఆ గాజు కింద ఒక వేలు కదులుతున్నట్టే ఉంది. బయటికి రాలేని వేలు.

అక్క వంగి, ఆ ఫోనుకి మాత్రమే వినపడేట్టు అడిగింది. ఇన్నాళ్ళూ అడగని మాట.

"బతికుండావా?"

వరస జరిగింది. ఆగింది. నా చేతిలో ఉన్న పెద్ద ఫోను కుయ్‌మనింది. చూసినాను. ETH-14DEC25-3000-P.

"ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదక్కా," అన్నాను.

అక్క నా ముఖం చూసింది. ఇంగ ఫోను చూడాల్సిన అవసరం ఆమెకు లేకపోయింది. జగదీష్ వైపు తిరిగి, చాలా మామూలు గొంతుతో, "తెచ్చిచ్చినాయన ఇల్లు యాడప్పా?" అనింది.

ఆయన పేరు సీనప్ప. ఊరికి బయట మామిడి తోట, రెండు ఆవులు. మేము వచ్చిన పని చెప్పేసరికి ఆయన ముఖం పాలిపోయింది. "కార్తీకంలో ఆవుకి గడ్డి కోస్తా ఉంటే దొరికిందమ్మా. దొంగతనం కాదు. సిమ్ము తుప్పు పట్టి ఉండె, తీసి పారేసినాను. బాగైతే మా పాపకి ఇద్దామనుకున్నా" అన్నాడు.

"యాడ దొరికింది?"

తోట చివర కొత్త మామిడి చెట్లకూ బస్సు రోడ్డుకూ మధ్యన నడుములోతు గడ్డి. అందులో ఒక పాత బావి. చుట్టు గోడ లేదు. గడ్డి అంచు దాకా పెరిగి, లోపలికి వంగి, నోరు కప్పేసింది. నాలుగు అడుగుల దూరం నుంచి కూడా అక్కడ బావి ఉన్నట్టు తెలీదు. సీనప్ప చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపినాడు. ఫోను దొరికింది ఆ అంచునే.

పోలీసులూ ఫైరింజనువాళ్ళూ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. తాళ్ళు దించి, నాలుగింటికి సార్‌ని పైకి తెచ్చినారు. చేతి గడియారం చూసి అక్క "ఆయనే" అనింది. అంతకుమించి చూడనివ్వలేదు నేను.

ఆయనెందుకు అక్కడికి పోయినాడో ఆ ఊరి రామకృష్ణప్ప అనే ముసలాయన చెప్పినాడు. జులైలో ఆ ఆదివారం ఒక సార్ వచ్చి ట్యూషనుకి గది దొరుకుతుందా అని అడిగినాడంట. వీధిలో ఉన్న గది చూసి, బాగుంది, మా ఇంటామెని తీసుకొచ్చి చూపిస్తా అన్నాడంట. అంతలో వాన పట్టుకుంది. బస్సు తప్పిపోతుందని తోటలో అడ్డదారిన పరిగెత్తినాడు. "నేనే చూపించినానమ్మా ఆ దారి" అని ఆ ముసలాయన తలపాగా తీసి ఏడ్చినాడు.

స్టేషన్లో కానిస్టేబుల్ మా మాటలు రాసుకున్నాడు. ఫోను పనిచేస్తుందో లేదో పరీక్షకని వైరు గుచ్చినాడు. తెర వెలిగి గబగబా కదలడం చూసి, కాలినట్టు టేబులు మీదికి వదిలేసినాడు. తరువాత నా చేతిలోని సార్ పెద్ద ఫోనులో ఆ వరస చూసి, "ఇదేమిటమ్మా, ఎట్లా చదివేది?" అని అడిగినాడు. నేను నోరు తెరిచేలోపల అక్క చెప్పింది. నాణెం, తేదీ, ధర, హక్కు. ఎక్కడా తడబడలేదు. ఆయన ఆ నాలుగింటినీ కన్నడంలో రాసుకున్నాడు. క్యాలెండరు సంగతి అక్క చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పదకొండో దినం కర్మ అయినాక అక్క వాళ్ళ తమ్ముడు మునేష్ వచ్చి ఆమెని సుగటూరుకి తీసుకుపోయినాడు. వాళ్ళకి పట్టుపురుగుల సాకుబడి ఉంది. సార్ ఖాతా మూసే కాగితాలు నేనే నింపి పంపించినాను. ఇప్పుడు కూడా నా ఉద్యోగంలో రోజుకు ఇరవై మందికి ఆ నాలుగు ముక్కలు చెప్తుంటాను. చివరి అక్షరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా గొంతు నాకే వేరేగా వినిపిస్తుంది.

సంక్రాంతి దాటినాక ఒక సాయంత్రం అక్కకి ఫోను చేసినాను. పురుగులు గూడు కట్టే ముందరి నాలుగో నిద్ర, అంటే ఆఖరి నిద్ర, లేచినాయంట. రాత్రీ పగలూ ఆకు వేస్తానే ఉండాలంట.

"వినిపిస్తుండాదా?" అని ఫోను తట్టల దగ్గర పెట్టింది. వేల పురుగులు మల్బరీ ఆకు కొరికే చప్పుడు. అచ్చం మామిడి ఆకుల మీద వాన పడుతున్నట్టు ఉంది.

"నిద్ర పడతా ఉండాదా అక్కా?"

ఆ వాన కొంచెం దూరమై, అక్క గొంతు దగ్గరికి వచ్చింది.

"ఈ చప్పుడు పక్కన పండుకుంటే పడతాదమ్మా," అనింది. "ఇంట్లో అయితే పట్టదు."